ఏడో కన్ను

కార్తీకం వస్తానే వాళ్ళొస్తారు.
అనంతపురం టవర్ క్లాక్ కాడ టార్పాలిన్లు కట్టి
తాళ్ళకు స్వెట్టర్లు తగిలిస్తారు.
చలి మాకు నెలన్నర చుట్టం,
దానికే ఇంత దూరం.

మూడో కొట్టు యాంగ్‌జోమ్‌ది.
ఆమెకొచ్చిన తెలుగంతా బేరంలో నేర్చిందే.
"తగ్గదన్నా. ఉతికినా పోదన్నా. పిల్లోడికా, పెద్దోడికా?"
ఆ మూడు మాటలతోనే ఇరవై చలికాలాలు
మా ఊర్లో గడిపేసింది.

ఆ పొద్దు నా గడియారాల బంకు ముందర నిలబడి
మెడలోంచి ఎర్రదారం తీసి
అద్దాల పెట్టె మింద పెట్టింది.
పావలా బిళ్ళంత వెండి డబ్బీ.
పైన అద్దం అడ్డంగా చిట్లింది. లోపల చెమ్మ.
"మీ ఊరి చెమటన్నా," అంది.
ఎండలన్నీ నేనే కాయించినట్టు తల దించుకున్నా.

కంటికి భూతద్దం తగిలించుకొని వంగినా.

ఒకామె.
తెల్లగా, తామర మింద కాళ్ళు మడిచి కూర్చోనుంది.
గోరంత మనిషి. ఆ గోరంతలోనే
చెవులకు కమ్మలు, కమ్మల్లో రాళ్ళు,
రాళ్ళలో మెరుపు గూడా పెట్టినారు
ఏ పిల్లి వెంట్రుకతోనో.
నేనూ కుంచె పట్టేవాణ్ణే,
పాత డయళ్ళ మింద అరిగిన అంకెలు దిద్దుతా.
ఆ గీత చూసి నా చెయ్యి
జేబులోకి పోవాలనుకుంది.

మొగంలో రెండు కండ్లు, నుదుట ఒకటి.
అరికాళ్ళలో రెండు.
చాచిన కుడి అరచేతిలో ఒకటి.
"చేత్తో గూడా చూస్తాదే ఈ తల్లి!"
"ఏడు అన్నా. లెక్కబెట్టు."
మళ్ళీ లెక్కబెట్టినా. ఆరే.
రొమ్ము కాడ పువ్వు పట్టుకున్న ఎడమ అరచెయ్యి
ఖాళీ.

"నా కాడ రంగులుండాయి. చుక్క పెట్టేస్తా,
ఎవురికీ తెలీదు," అన్నా.
ఎవరో వెనక నుంచి మంకీ క్యాపు ఎంతని అరుస్తావుండారు.
ఆమె తిరగలేదు.
"మా చిన్నాయన గీసినాడు.
కండ్లు అన్నిటికంటే ఆఖర్న.
కండ్లు పెట్టే దినం పొద్దున్నుంచీ నోరు తెరవడు.
నువ్వు మాట్లాడతానే ఉంటావు కదన్నా."

నిజమే. నవ్వినా.

బొమ్మ వెనక మడిచిన కాగితం, దారం చుట్టి.
వేలు పోయింది, ఆగింది.
నా జబ్బకు పెనుకొండ బాబయ్య దర్గాలో
మాయమ్మ కట్టించిన తాయెత్తు ఉంది.
దేన్నైనా విప్పి చూసేదే నా కూడు,
నలభై ఏండ్లలో దాన్ని మాత్రం విప్పలేదు.
దీన్నీ విప్పలేదు.

ఆడోళ్ళ పాత హెచ్ఎంటీ అద్దం ఒకటి దొరికింది.
అంచు రుద్దితే కుదిరింది.
బల్బు కింద చెమ్మ ఆరేదాకా టీ తెప్పిచ్చినా.
ఎంతంది. వద్దన్నా. చెప్పన్నా అంది. వద్దంటి గదా.
నూరు నోటు నా గల్లాలో కుక్కి
"తగ్గదన్నా," అని పోయింది.

మాఘం పోకముందే గుంజలు పీకి
మైసూరు దిక్కు వాళ్ళ క్యాంపుకు వెళ్ళిపోయినారు.
ఆ జాగాలో ఇప్పుడు కర్బూజాల కుప్ప,
ఈగలు.

నిన్న సొరుగు దులుపుతావుంటే
అగ్గిపెట్టెలో ఆ చిట్లిన అద్దం.
పారేసేముందు, అలవాటు కదా,
భూతద్దం కిందికి తెచ్చినా.
లోపలి పక్క, చెమ్మకు అతుక్కోని,
ఆవగింజలో సగం లేని తెల్ల పొర.
దాని నడుమ నల్ల చుక్క.

నన్నే చూస్తావుంది.

ఫ్యాను ఆపినా.
గోడ గడియారాలు తలా ఒక టైము చెప్తావుండాయి.
కార్తీకానికి ఇంకా ఎనిమిది నెల్లు.

"దస్తగిరన్నా, సెల్లు ఎయ్యాల," అని ఒకాయన,
"బెల్టు ఉందా," అని ఒకామె.
పొద్దు వాలేదాకా ఎవురొచ్చినా
సైగ చేసినా.