గ్రౌటు

స్టాకు రిజిస్టరులో "గ్రోటు, నలభై సంచులు" అని రాశానని
ఇంజినీరు చేతన్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు.
"స్పెల్లింగ్ సరి మాడ్రీ" అన్నాడు, అంతే.
కోపమేం లేదు. సున్నా మాత్రం పెద్దది.

ఆదివారం అవెన్యూ రోడ్డుకెళ్లి
అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువొకటి
నూట ఇరవై చెబితే ఎనభైకి తెచ్చుకున్నా.
జీ అక్షరం దగ్గర ఎవరో బస్సు టికెట్టు పెట్టి మరిచారు,
మెజెస్టిక్ నుంచి కోలారు, పద్నాలుగు రూపాయలు.
ఏ మాట వెతుకుతూ దిగిపోయారో.

మొదటి అర్థం నాకు తెలిసిందే.
టైలుకూ టైలుకూ మధ్య నింపే ముద్ద.
దానికి పుస్తకమెందుకు, అక్కులమ్మ గోళ్లు చూస్తే చాలు.
సర్జాపుర రోడ్డు మీది ఈ బిల్డింగులో
పదకొండో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా
మోకాళ్ల మీదే దిగింది ఆమె,
రబ్బరు బిళ్లతో ఐమూలగా లాగుతూ
తడి స్పాంజితో తుడుస్తూ.
దాన్నామె "గ్రేటు" అంటుంది.
"ఇంగో రెండు కేజీల గ్రేటియ్యి సామీ."
ఇన్నాళ్లూ దిద్దలేదు.
నా తప్పు బయటపడ్డాక ఇక దిద్దే మొహమూ లేదు.

రెండో అర్థం దగ్గర వేలు ఆగింది.
పాతకాలపు మాట అని చీమలంత అక్షరాల్లో:
ముతక పిండి. దాంతో కాచే జావ.

అంటే ఎప్పుడో ఆ చలిదేశంలో
పొయ్యి ముందు కూర్చున్న రాతిపనివాడొకడు
తెడ్డు నుంచి జారుతున్న జావను చూసి
రేపటి గోడకు ఇంత చిక్కన చాలు అనుకున్నాడేమో.
కడుపులోకి పోయేదాని పేరు
రాతి సందుకు పెట్టేశాడు.
మా ఓబులేసు మేస్త్రి మాత్రం ఏమంటాడు?
"దోసెపిండి మాదిరి కలపరా.
ఇడ్లీపిండయితే పగుల్తాది."

ఆ రాత్రి రేకుల షెడ్డులో ఈ సంగతి చెప్పాను.
అక్కులమ్మ కుండను కాళ్ల మధ్య ఇరికించుకుని
రాగిసంకటి గెలుకుతోంది.
"అయితే ఆ దొరలు గూడా సంకటి తిన్నోళ్లేనా?" అని
నవ్వింది, చాలాసేపు నవ్వింది,
తెడ్డు పక్కన పెట్టి మరీ నవ్వింది.
మేస్త్రి ఏమీ అనలేదు.
ముద్దలో బొటనవేలితో గుంత చేసి
ఊరిబిండి పెట్టుకున్నాడు.

ఇంకో అర్థముంది,
టీ గ్లాసు అడుగున మిగిలే మడ్డి.
అదీ చెప్పాను. "కడగని గ్లాసుకు ఇంగ్లీషు పేరొకటా" అన్నారు.

ఆ కిందిదొకటి చెప్పలేదు.
పంది ముట్టెతో నేలను పెళ్లగించడం.
అదే మాట, అవే అక్షరాలు.

పోయిన నెల ఏడొందల నాలుగు ఫ్లాటాయన
సందు గీత కంటికి ఆనుతోంది, రంగు కలవలేదని
వేసిందంతా గీకించాడు.
వంగి గీకుతున్న మనిషి వెనక నిలబడి
ఫోనులో ఎవరితోనో అన్నాడు,
"పందులు తవ్వినట్టు పెట్టారు హాలంతా" అని.
శుభ్రమైన తెలుగులో.
ఆమె వినలేదనే అనుకుంటున్నా.
స్పాంజి పిండే చప్పుడు కాసేపు ఆగింది, నిజమే.

సోమవారం రిజిస్టరులో రాశాను,
ఒక్క అక్షరం పొల్లుపోకుండా:
గ్రౌటు. దంతపు తెలుపు. రెండు కేజీలు.
తీసుకున్నవారు, అన్న చోట
వేలిముద్రకు సిరాపెట్టె తెరవబోతే
"ఉండు సామీ" అంది అక్కులమ్మ.
బొటనవేలు నాలుక మీద తడిచేసి
కాగితం మీద ఒత్తింది.

గీతగీతకూ మధ్య
బూడిదరంగు అప్పటికే నిండి ఉంది.
ఎక్కడా పగల్లేదు.