మడి

ఇసకపల్లిలో మడంటే
నాలుగు గట్ల మధ్య కూచోబెట్టిన సముద్రం.
మూలాపేటలో నేనద్దెకున్న ఇంటావిడకు
తడిచీర, దండెం మీంచి కర్రతో తీసే బట్ట,
"అమ్మాయ్, కాస్త అటు నించో" అనే రెండు గజాల నేల.
మూడో మడి నాది.
తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు రెండు జతల గ్లవుజులు,
గాలిజల్లు గదిలో చేతులెత్తి ఒక చుట్టు తిరిగితే గానీ
లోపలి తలుపు ఒప్పుకోదు.

లోపల ఒక ఉక్కు కుండ.
అందులో ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం కోసం పద్దెనిమిది రోజులు కాల్చాం దాన్ని.
ఇప్పుడు పొర మీద పొర సిలికాన్ పేరుస్తున్నా,
గంటకు వెంట్రుకలో వెయ్యోవంతు మందం.
ఇరవై ఎనిమిది బరువున్నవే రావాలి.
ఇరవై తొమ్మిదివి బొంగరాలు,
ఊరికే తిరుగుతుంటాయి, పక్కదాన్ని తిరగనీవు.
ఐదేళ్ల నా పరిశోధనంతా
ఊరికే ఉండగలిగిన వాటిని వెతికి ఒకచోట చేర్చడం.

నిరుడు రిపోర్టులో సోడియం గీత నిక్కింది.
సోడియమంటే మరేం లేదు, ఉప్పు.
చెమటబొట్టు చాలు, వేలిముద్ర చాలు,
కిటికీ సందులోంచి వచ్చిన తూర్పుగాలి చాలు.
మస్తాన్ సార్ గ్రాఫును బల్ల మీద పరిచి
"ఈ ఉప్పు యాణ్ణించొచ్చింది?" అన్నాడు.
ఎవరూ నా వంక చూడలేదు.
అంత జాగ్రత్తగా చూడకపోవడం నాకు కొత్త కాదు.

ఆ నెల రోజూ తలస్నానం చేశా.
గోళ్లు నెత్తురొచ్చేదాకా కత్తిరించా.
పిన్ని పంపిన ఎండుచేపల సంచి
విప్పకుండానే పక్కగది పిల్లకిచ్చేశా.
శనివారం అల్లూరు బస్సు
కిటికీ కింద హారన్ కొట్టి వెళ్లేది. నేను కదల్లేదు.

చివరికి తేలిందేంటంటే
నీళ్లు శుద్ధిచేసే తొట్టిలో గుళికలు ఎప్పుడో చచ్చిపోయాయి.
కొత్తవాటి ఫైలు
ఎవరి సంతకం కోసమో ఆర్నెల్లు పడుకుంది.
"కారణం దొరికింది" అని సార్ అందరికీ రెండే ముక్కలు రాశాడు.
నిందించినవాళ్లు లేరు కాబట్టి
క్షమించమనడానికీ ఎవరూ లేరు.

మళ్లీ బస్సెక్కింది మే నెలలో.
పెంచలమ్మ పిన్ని చెక్కపార పక్కన పెట్టి
మడి మూల నీళ్లలో వేలు ముంచి
నాలిక మీద రాసుకుంది.
"చేదు దిగింది మే. ఈ నీళ్లు ఇప్పుడొదల్లేదా,
తెల్లారేసరికి ఉప్పంతా చెడిపోద్ది."
గడ్డకట్టేది తనకు సరిపడనిదాన్ని నీళ్లలోకి నెట్టేస్తుంది.
నా రెండో అధ్యాయం అదే,
పదకొండు సమీకరణాలు పట్టింది నాకు.
ఆమె గట్టుకు గండి కొట్టింది, అంతే.

"సరే గానీ, అంత తెల్లంగా చేసి ఏం చేసుకుంటారు దాన్ని?"
"ఒక భాస్వరం రేణువు పెడతాం పిన్నీ."
"మట్టేస్తారా మళ్లా!"
"ఒక్కటంటే ఒక్కటే. లెక్క చేసేది అదే.
మిగతాదంతా, అది తిరిగేటప్పుడు
గమ్మునుండటానికి."
కాసేపు నా మొహం చూసింది,
ఎగతాళి చేస్తున్నానేమోనని.
తర్వాత గట్టు మీద చతికిలబడి
కళ్లలో నీళ్లొచ్చేట్టు నవ్వింది.
"ఇంత మడీ
ఒక మైల కోసమంటే!"
ఆమె మడమ పగుళ్లలో
ఉప్పు ఎండకు తళతళలాడింది.

సోమవారం
గాలిజల్లు గదిలో చేతులెత్తి తిరిగాను.
గాలి నన్ను నలువైపులా వెతికింది.
ఏం దొరికిందో చెప్పలేదు.
తలుపు తీసింది.