చిత్తుప్రతి

పరీక్ష హాల్లో ఇచ్చిన చిత్తు పుస్తకాన్ని
పోయేటప్పుడు తిరిగిచ్చేయమన్నారు.
ముప్పై నాలుగో ప్రశ్నకు సరైన జవాబు
అందులోనే ఉండిపోయింది,
నా రాతలో, కింద రెండు గీతలతో.
మౌసు మాత్రం పక్క గడిని నొక్కింది.

మార్చిలో మార్కులొచ్చినాయి.
ఇరవై తొమ్మిది పాయింట్ మూడు మూడు.
ఆ చివరి మూళ్ళు ఏందని అమ్మ అడిగింది.
తప్పు రాస్తే ఉన్నదాంట్లోంచి కోసుకుంటారని చెప్పినా.
"రాయకుండా వచ్చేస్తే?"
"సున్నా."
"అయితే సున్నానే మేలు కదే" అనింది
చింతపండు పిసుకుతా.

ఇప్పుడు జూన్.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లాబులో నాకు రాత్రి డ్యూటీ.
నేను తప్పింది గేటు,
రోజూ సంతకం పెట్టి దాటేదీ గేటే.
దాని బయట తోతాపురి ట్రాక్టర్లు
చిత్తూరు రోడ్డు మలుపుదాకా నిలబడుకోని ఉంటాయి.
టోకెన్ నూట పదిహేడు మునిరత్నం అన్నది.
రెండు రాత్రులుగా ట్రాక్టరు కిందే పండుకుంటాండాడు.
తెల్లారితే రేటెంతో తెలీదు,
కాయ మాత్రం అడుగునుంచి మెత్తబడతా ఉంది.

రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద ఒక్క చుక్క.
వెలుతురుకు తిప్పి ఒంటికన్నుతో చూస్తే
నీలానికీ తెలుపుకీ మధ్య ఒక గీత.
అది పద్నాలుగు దగ్గర నిలబడాల.
నిలబడకుంటే లోడు పక్కకు.
అంకె వేసేదీ నేనే, సంతకం పెట్టేదీ నేనే.

"మాగితే ఏ కాయైనా తియ్యనైతాది పాపా"
అని దొరస్వామి సార్ ఓదార్పు.
కాయకేం సార్, గడ్డిలో ఊరికే పడుంటే చాలు.
నేను పడుంటే
మాగను, నిద్రపోతాను.

పనికిరాని లాబు షీట్ల వెనకపక్క
లెక్కలు చేస్తాండా.
గాజు పైపులో గుజ్జు నింపాదిగా పోతా ఉంటే
రేనాల్డ్స్ సంఖ్య కట్టి చూసినా.
పోయినసారి ఇక్కడే బోల్తా పడింది:
వ్యాసం వేయాల్సిన చోట వ్యాసార్ధం.
సగం గొట్టంలోనే నీళ్ళు పారించి
మిగతా సగం ఏమైందని అడగనేలేదు.

గ్రీమ్స్‌పేట రూములో జ్ఞానసుందరి మంచం ఖాళీ.
దానికి సీటొచ్చింది.
పోతా పోతా నోట్సులన్నీ నా దిండు మీద పెట్టింది.
ఎప్పుడు తెరిచినా
ఊరిబిండి మరకున్న పేజీయే తెరుచుకుంటాది,
నాకు బాగా వచ్చిన పాఠం.
దాన్ని బస్సెక్కించిన రోజు
చెయ్యి ఊపినాక కూడా దించబుద్ధి కాలేదు.
వేలూరు బస్సుల దగ్గర చానాసేపు నిలబడినా,
పోయే ఊరంటూ ఏమీ లేకుండా.
సంతోషమే. అబద్ధం కాదు.
కానీ ఆ రాత్రి అన్నం దిగలేదు.

"చిత్తుగా తప్పిందంట" అని ఎదురింట్లో మాట.
నాలుగో తరగతి అయివారు గుర్తొచ్చినాడు:
ముందు చిత్తులో చెయ్,
ఆనక సాపులో ఎక్కించు.
మన ఊరి పేరులోనే చిత్తుంది సార్ అని
క్లాసంతా ఒకటే నవ్వు.
ఆయన నవ్వలేదు,
రబ్బరు తెచ్చుకున్నారా అని అడిగినాడు.

మూడూ నలభైకి పిలుపొచ్చింది, నూట పదిహేడు.
మునిరత్నం అన్న కండువాతో మొఖం తుడుచుకోని
కిటికీ కాడ నిలబడినాడు. ఏమీ అడగలేదు.
నేను ఫోన్‌లో మార్కుల పేజీ తెరిచినప్పుడు
మా నాయన కూడా ఇట్లనే నిలబడినాడు.

పదమూడు పాయింట్ ఆరు.

మూడు చోట్లనుంచి కాయ తీసి చూడాలని రూలు.
రాత్రిపూట ఎవురూ తీయరు,
నేనూ తీసింది లేదు నిన్నటిదాకా.

పదమూడు పాయింట్ ఆరును పెన్సిల్‌తో చిత్తులో రాసి
రిజిస్టరు మూసిపెట్టినా.
లోడు మీదికెక్కి, నడిమధ్య చెయ్యి దూర్చి
మోచేతిదాకా వెచ్చగా తగిలితే
ఒక కాయ లాగినా.

అద్దం తుడిచినా.
"ఇంకోసారి చూస్తానన్నా" అని
లైటు వైపు తిరిగినా.