పేర్లు కొట్టే అంగడి

గుజిరీ దస్తగిరి తెచ్చినాడు దాన్ని,
ఎవరో దొర కట్టిన బంగళా కూలగొడితే వచ్చిన
కిటికీ కమ్ముల మధ్య, గుర్రపు నాడాల మధ్య.
చట్రం టేకుది, దానికి గిరాకీ ఉండె.
ఎదురంగడి పటాలాయన అందులో
కాణిపాకం వినాయకుణ్ణి కూచోబెట్టి
లోపలి కాగితం నా బల్ల మీద పడేసినాడు:
"గీతల పని కదప్పా, నీకేమన్నా పనికొస్తాదేమో."

జూన్ నెల, బేరం లేని మధ్యాన్నం.
చిత్తూరంతా మామిడి గుజ్జు వాసన
తియ్యగా పులిసి ఉండాది.
అరచేయంత కాగితంలో
ఏదో చలిదేశం, ఒక రేవు,
నాలుగు పడవలు, ఒకటి బురదలో పక్కకి ఒరిగి.
చాపలు దించేసిన కొయ్యలు
పెండ్లైన మర్నాడు పందిరి గుంజల మాదిరి.
మెట్ల మీద కూచోని ఒకడు తాడు చిక్కు తీస్తా ఉండాడు.
వానికి మొహం లేదు. రెండు గీతలు, ఒక టోపీ.
అయినా వాని నడుంనొప్పి నాకు తెలస్తా ఉండాది.

మూలన 1871.

స్టీలు మీద పేర్లు కొట్టేది నా పని.
బిందెలు, క్యారేజీలు, చదివింపుల చెంబులు,
ఇరవై ఆరేండ్లుగా ఎవరెవరి పేర్లో
గిర్రుమనే సూది కింద.
నాకు ముందు మా మేనమామ నాథముని ఆచారి
ఇత్తడి మీద ఉలితో చుక్కచుక్కగా కొట్టేవాడు.
అందుకే నేను బొమ్మ చూడలా, చెయ్యి చూసినా.
యాడ నొక్కినాడు, యాడ ఊపిరి బిగబట్టినాడు,
రాగిరేకును ద్రావకం ఎంతసేపు తినింది,
ఏ గీత కాడ సూది జారితే
దాన్నొక కొంగను చేసి ఊరకుండిపోయినాడు.

పడవ ముక్కు మీద పేరు తిరగబడి ఉండాది.
సెలూను రాజమాణిక్యం అద్దంలో చూపిస్తే, మేరీ.
అచ్చులో అంతా తిరగబడతాదని మరిచినాడు పాపం.
నేనూ ఒకసారి పెండ్లి బిందె మీద
పెండ్లికూతురికి బదులు వాళ్ళక్క పేరు కొట్టినా.
స్టీలు చెరగదు.
కాగితమూ చెరగలేదు, నూటయాభై ఏండ్లు.

దీపాలు పెట్టే యాళకు గమనించినా:
నీళ్లు యాడా గీయలేదు వాడు.
పడవ అంచు గీసినాడు, దాని నీడ గీసినాడు,
రాయి మీది పాచి కూడా గీసినాడు.
మిగిలిన తెల్ల కాగితమే నీళ్లు.

రోజూ వంతెన మీద దాటే నీవా ఏరు గుర్తొచ్చింది.
దానికీ ఒడ్లుండాయి, గుడ్డలుతికే బండలుండాయి,
మధ్యలో ఎవరూ ఏమీ గీయలేదు.
కానీ అది వేరే.
అది నిజంగానే ఎండిపోయింది.

మర్నాడు అముదవల్లి కొత్త బిందె తెచ్చింది,
ట్యాంకరు కాడ మారిపోతా ఉండాదని.
పేరు కొట్టినా. చెయ్యి ఆగక
కింద ఒక పడవ, నాలుగు గీతల్లో.
"ఇదేంది, చెప్పా?"
"పడవ."
"పడవకు నేను డబ్బులియ్యను."
అక్షరాలు లెక్కబెట్టి, వాటికి మాత్రం ఇచ్చి పోయింది.

ఇంకా బడికి పోని వాళ్ళ మనవరాలు
ట్యాంకరు వచ్చినప్పుడు, యాభై బిందెల వరసలో
ఒక్క ఉదుటున దాన్నే పట్టుకుంటాదంట,
"మా చెప్పు బిందె! మా చెప్పు బిందె!" అని.