మినిమం ఛార్జీ

ఈ నెలే మార్చారు నా రూటు.
బిల్లు మిషను మెడలో తగిలించుకుని
మిల్లు వెనక మూడో లైన్లోకి వచ్చేసరికి
ఎంతయిందో ఫోన్లో చూసుకున్నాను.
ఇక్కడ టైము చూసుకోవడం
నాకిదే మొదటిసారి.
అప్పట్లో కూత వేసేది.
గుంటూరు సగం దానికే లేచేది.

మొదటి ఇల్లు, తాళం.
దానికో కోడ్ ఉంది, నొక్కాను.
రెండో ఇంటికి తాళం లేదు,
తలుపూ లేదు.
గోడ మీద మీటరు మాత్రం
సీలు చెక్కుచెదరకుండా
దేన్నో కాపలా కాస్తోంది.
రీడింగు సున్నా.
సున్నాకీ బిల్లొస్తుంది, మినిమం ఛార్జీ.

ఇది ఇస్సాకు మేస్త్రీ ఇల్లని మిషనుకు తెలీదు.
దానికి సర్వీసు నంబరు చాలు.
ఈ అరుగు మీదే కూచుని
యూనియన్ చందాలు రాసేవాడు ఎడం చేత్తో.
కుడిచేతి రెండు వేళ్లు
కార్డింగు మిషను తీసేసుకుంది.

షిఫ్టు దిగి వచ్చే నాన్నలందరూ
ముసలాళ్లే మా కళ్లకి.
జుట్టు, కనుబొమ్మలు, చెవుల మీది నూగు
అంతా గోగు నుసితో నెరిసిపోయి.
వీధి కొళాయి దగ్గర వరసన నిలబడి
చెంబు వెనక చెంబు గుమ్మరించుకుంటూ
మేం చూస్తుండగానే పడుచువాళ్లయ్యేవాళ్లు.
ఎన్నో చెంబుకి మా నాన్న
మా నాన్నవుతాడో లెక్కపెట్టేవాణ్ణి.
మామూలుగా ఆరు.
డబుల్ డ్యూటీ అయితే తొమ్మిది.

కొళాయి దిమ్మ ఉంది.
మెడ విరిచి ఇత్తడి ఎవరో అమ్ముకున్నారు.
జాన్‌సైదా టీ బంకు ఉన్నచోట నల్లటి మరక,
నలభై ఏళ్ల బొగ్గు,
ఎన్ని వానలకీ పోలేదు.
మిల్లు గోడ కూలిన చోట
అపార్టుమెంట్ల బోర్డొకటి,
రాజధాని వస్తుందన్న ఏడు పాతారు.
బోర్డులో నవ్వుతున్న కుటుంబానికి
ముఖాలు ఎండకి ఎగిరిపోయి
పళ్లు మాత్రం మిగిలాయి.
పాడవడమే అనుకున్నాను,
బాగుపడటం కూడా ఇక్కడిదాకా వచ్చి
పాడైపోయింది.

రోడ్డు మీద మిర్చి లారీ పోయినట్టుంది.
తుమ్మాను.
లైను మొత్తానికి అదే పెద్ద చప్పుడు.

పదకొండో నంబరు మాది.
మీటరు మీద ఎర్ర చుక్క ఆరుతూ వెలుగుతోంది.
లోపల మనిషుంది.

"ఏటి బాబూ, బిల్లా?"

సన్యాసమ్మ.
అమ్మ పక్కన గోనెలు కుట్టిన మనిషి.
మిల్లు కోసం శ్రీకాకుళం నుంచి వచ్చింది,
మిల్లు పోయినా తను పోలేదు.
నన్ను ఆనవాలు పట్టలేదు.
నేనూ చెప్పలేదు.

"మా ఇంటి కప్పు దిగిపోనాది బాబూ,
అందికే ఇందల దూరినాను.
ఈ ఇంటోలు మంచోలు.
ఆలబ్బాయి కరెంటాఫీసులో పెద్ద ఆఫీసరంట."

బిల్లుకి ఇంతని కాంట్రాక్టు నాది.
అవునటగా, అన్నాను.
పద్నాలుగు యూనిట్లు.
ఒక బల్బు, ఒక ఫోను, ఎప్పుడైనా ఫ్యాను.
మిషను కాగితం కక్కింది.
పేరు: చిలకా బ్రహ్మయ్య.
నాన్న పేరు నా చేతుల్లోంచి
వెచ్చగా బయటికొచ్చింది.
చనిపోయిన సంగతి
మేమెవరం ఆఫీసులో రాయించలేదు.

సన్యాసమ్మ దాన్ని తీసుకుని
కళ్లకి దూరంగా పెట్టి చూసి
తలుపు వెనక తీగకి గుచ్చింది.
ఆ తీగ నాన్న వంచిందే.
అడుగున ఎక్కడో ఆయన కట్టిన బిల్లులు
చెదలు వదిలినంత మేర ఉండే ఉంటాయి.
తీసి చూడాలనిపించింది.
మీటరు రీడరుకి అదేం పని?

"మంచినీల్లు తాగుతావేటి?"
చెంబుతో ఇచ్చింది.
సగం తాగి, మిగతాది మొహాన కొట్టుకున్నాను.
"ఎండెక్కువుంది" అన్నాను, అడక్కపోయినా.

పన్నెండో ఇల్లు, తాళం.
కోడ్ నొక్కబోయి
ఎందుకో
ముందు తలుపు కొట్టాను.