నాలుగు సంఖ్యలు, మూడు చుక్కలు

దాల్కావే రేవులో మూడో రోజూ వానే.
సాల్మన్ చేపల వలగూళ్లలో ఆక్సిజన్ కొలిచే
సెన్సర్లతో మాట్లాడటానికి
చిన్న స్క్రిప్టు ఒకటి రాశాను.

మొదట్లో చిరునామా లోపలే పెట్టేశాను,
రాతి మీద చెక్కినట్టు.
పదకొండో గూడూ, ఇదే నీ నంబరు, కదలకు అని.
జూన్ తుపానుకి తాళ్లు తెగాయి.
రౌటరు మార్చారు, నాకెవరూ చెప్పలేదు.
నా స్క్రిప్టు మాత్రం బుద్ధిగా
పాత నంబరునే పలకరిస్తూ కూర్చుంది.
ఆ నంబరిప్పుడు ఆఫీసు ప్రింటరుది.
తెల్లారేసరికి పదకొండో గూట్లో
తెల్లటి పొట్టలు నీటి పైకి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
సరే, దానికి అడగటం నేర్పాను.
నల్ల తెర మీద ఒకే ఒక్క మాట:
చిరునామా?
పక్కన మిణుకుమిణుకుమంటూ గీత.

ఆ రాత్రి కాపలా రొసాల్బా నవెల్‌కిన్‌ది.
మర్నాడు లాగ్ తెరిస్తే
ఆమె జవాబులు వరసగా ఉన్నాయి.
"చర్చి దాటాక పసుపు ఇల్లు."
చెల్లదు. మళ్లీ ఇవ్వండి.
"అది పోయినేడు. ఇప్పుడు వాగు అవతల."
చెల్లదు. మళ్లీ ఇవ్వండి.
"ఇంటిని ఎద్దులు లాక్కెళ్లాయి కదయ్యా ఎవారిస్తో,
ఆరు జతలు. నువ్వూ వచ్చి తాడు పట్టావు,
బంగాళాదుంపల రొట్టె రెండుసార్లు పెట్టించుకున్నావు."
చెల్లదు.

మొదట నవ్వొచ్చింది.
తర్వాత టీ చల్లారిపోయింది.
దుంగల మీద ఇళ్లు నడిచే దీవిలో
చిరునామా అంటే ఏమిటని
నేనెవరినైనా అడిగానా అసలు?

ఆ ఒక్క మాటా చెరిపేశాను.
"సెన్సరు పెట్టె మూత మీద తెల్ల కాగితం ఉంటుంది.
దాని మీద నాలుగు సంఖ్యలు, మధ్యన మూడు చుక్కలు.
చూసి, ఉన్నదున్నట్టు ఇక్కడ కొట్టండి.
వానకి సిరా కారిపోయుంటే
ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కండి.
వెతకటం నా పని."

ఇరవై రెండు పంక్తులు పెరిగాయి.
ఒకటి నుంచి రెండు వందల యాభై నాలుగు దాకా
గడపగడపకీ వెళ్లి తలుపు తట్టే లూపు.
ఇంత అవసరమా అన్నాడు మేనేజరు బారియా.
చలికి కొంకర్లు పోయిన తడి వేళ్లతో
అతనెప్పుడూ కీబోర్డు ముట్టలేదు.

ఈ రాత్రి మూడూ పన్నెండుకి
పదకొండో గూటి నుంచి
ఒక ఖాళీ ఎంటర్.

నలభై ఆరు, పలకలేదు.
నలభై ఏడు, ప్రింటరు.
నలభై ఎనిమిది...