నాలుగో అధ్యాయం

నర్సాపురం రేవులో పంటు ఎక్కితే
అవతల సఖినేటిపల్లికి పావుగంట.
ఆ పావుగంటలోనే చదువుతాను
మతాంతర సంవాదం మీద పుస్తకాలు.
లైబ్రరీవే గాని, అన్నీ డీజిల్ వాసన.

"నదులన్నీ సముద్రంలో కలుస్తాయని రాశావు,
కొట్టెయ్" అన్నారు గైడు జెకర్యా మాస్టారు
ఎర్ర పెన్ను మూత తీస్తూ, కొంచెం జాలిగా.
"అందరూ రాసేదేగా. నువ్వు లంకలో పుట్టిన పిల్లవి.
రేపు పంటు మీద పుస్తకం మూసి, నీళ్ళు చూడు."

చూశాను.
ఇక్కడ నది కలవదు, విడిపోతుంది.
ధవళేశ్వరం దాటాక ఒక్క గోదావరి లేదు.
గౌతమి, వశిష్ఠ, వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ,
పొలం పంచుకున్న అన్నదమ్ముల్లా
మధ్యన లంకలు గట్లుగా వదిలి
ఎవరి దారిన వాళ్ళు.
పైగా పోటొచ్చిందంటే
సముద్రమే ఎదురొచ్చి నీళ్ళని వెనక్కి తోస్తుంది,
మా నూతుల్లో ఉప్పు తేలుతుంది.
ఈ పోటు సంగతి ఏ ఫుట్‌నోట్‌లోనూ లేదు.

క్షేత్ర పరిశీలన అని మూడు నెలలు తిరిగాను.
ఇందుపల్లిలో చయనులు గారు
అరుగు మీద చాప వేయించారు. నాకు వేరే చాప.
ఋతం అంటే ఏమిటో గంటన్నర చెప్పారు,
గొంతులో ఎక్కడా తొందర లేదు, విసుగు లేదు.
వెళ్ళేటప్పుడు అరటిపళ్ళు కూడా ఇచ్చారు.
నోట్సులో చివరన
"చాపకీ చాపకీ మధ్య జానెడు" అని రాసుకున్నాను.
కొట్టేశాను.
పంటు మీద మళ్ళీ రాశాను.

కొబ్బరి పీచు తాడు పేనే ఖాదర్బీ
నా ప్రశ్నల కాగితం తిరగేసి పట్టుకుని నవ్వింది.
"మా ఆయన పడవ తిరిగి రాని రాత్రి
అందరి దేవుళ్ళకీ మొక్కానమ్మా.
వాళ్ళలో ఎవరు వినలేదని చెప్పను?
ఇదిగో, ఈ కొస పట్టుకో."
పట్టుకున్నాను. ఆవిడ పేనుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది.
సంభాషణ వ్యవధి: నాలుగు గంటలు.
మాటలు: అర పేజీ.
అరచేతులు రెండ్రోజులు మండాయి,
దాన్ని ఏ పట్టికలో వెయ్యాలో తెలీలేదు.

మా నానమ్మ దీనమ్మ
అంతర్వేది తీర్థానికి ముప్పయ్యేళ్ళు
కొబ్బరికాయల బుట్టలు మోసింది, మెట్ల దాకా.
మెట్ల పైన ఏముందో నన్నే అడుగుతుంది.

"ఇంతకీ ఏం చదువే అది? పాస్టరమ్మవి అవుతావా?"
"కాదు. వేరే మతాల వాళ్ళతో మాట్లాడ్డం."
చేపకి పొలుసు గీకుతూ కాసేపు ఏమీ అనలేదు.
"మంచిదే.
మరి అవతల పేట చర్చికి ఎప్పుడైనా వెళ్ళావా?"

ఒకే ప్రభువు, ఒకే పాటల పుస్తకం,
ఒకే మిషను ఇచ్చిన రెండు గంటలు.
మా పేట గంట తొమ్మిదింటికి,
వాళ్ళది తొమ్మిదింపావుకి,
రెండూ కలిసి మోగకూడదని ఎవరో ఎప్పుడో అనుకున్నారు.
ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాను ఆ రెండో గంట.
వెళ్ళలేదు.

మూడు అధ్యాయాలు బైండింగుకి సిద్ధంగా ఉన్నాయి.
నాలుగోది ఖాళీ.

మొన్నాదివారం తొమ్మిదింపావుకి వెళ్ళాను.
ఆడవాళ్ళ వైపు చాపల మీద చోటు చూస్తుంటే
అందరికీ తెలిసిన ఆ ప్రశ్నే వచ్చింది:
"ఎవరి తాలూకమ్మా?"
"దీనమ్మ మనవరాల్ని" అన్నాను.
పాట ఒక చరణం ఆగి, మళ్ళీ అందుకుంది.
పక్కనున్న ముసలావిడ జరిగింది,
జానెడు.

అది నాకు చోటివ్వడమో
నా నుంచి ఎడంగా జరగడమో
ఇంకా తేల్చుకోలేదు మాస్టారూ.
గడువు ఇంకో వారం పెంచండి.